సొంతంగా కట్టుకునే చిన్న సబ్‌మెరైన్: మునగడం సంగతి తర్వాత, ముందు పైకి రావడం చూసుకోండి

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ. కాకినాడలో మీ బాబాయి గారికి ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది, ప్లేట్ రోలింగ్ మెషిన్ ఉంది, మంచి వెల్డర్లు ఉన్నారు. ఇద్దరు కూర్చుని 30 మీటర్ల లోతుకు వెళ్లి వచ్చేలా ఒక చిన్న సబ్‌మెరైన్ కట్టాలనుంది. స్క్రాపులో వచ్చిన పాత గ్యాస్ బుల్లెట్ ట్యాంకుతో (గ్యాస్ నిల్వ చేసే పొడవాటి గుండ్రటి ట్యాంకు) పని జరుగుతుందా, కొత్తగా రోల్ చేయించాలా, మోటారు ఏది, అద్దం ఏది అని అడిగారు.

నేను విశాఖలో ముప్పై ఏళ్లకు పైగా ప్రెషర్ వెసెల్స్, అంటే ఒత్తిడిని తట్టుకునే ట్యాంకుల పనిలో ఉన్నాను. బాయిలర్లు, ఎయిర్ రిసీవర్లు, వాక్యూమ్ వెసెల్స్ చేతి మీదుగా వెళ్లాయి. రిటైరయ్యాక అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు, ఆ ఊళ్లో ఒక పెద్దాయన తన గ్యారేజీలో ఒక్క మనిషి పట్టే సబ్‌మెరైన్ కడుతున్నారని తెలిసి వెళ్లి పరిచయం చేసుకున్నాను. ఏడాదిన్నర ఆయనతో కలిసి పనిచేశాను. ఈ రెండు అనుభవాల నుంచే జవాబు రాస్తున్నాను.

మీ ప్రశ్నల్లో మోటారు ఉంది, అద్దం ఉంది, ట్యాంకు ఉంది. ఒక ప్రశ్న మాత్రం లేదు. కరెంటు పోయింది, గాలి సిలిండరు ఖాళీ అయింది, మోటారు ఆగింది, మీరు అడుగున ఉన్నారు. అప్పుడు ఆ పడవ పైకి ఎలా వస్తుంది? ప్రతి నిర్ణయమూ ఈ ప్రశ్న పక్కన పెట్టి చూడండి. చాలా వాటికి జవాబు దానంతట అదే తేలిపోతుంది.

ముందుగా ఇద్దరు అన్న మాట వదిలేయండి. మొదటి పడవ ఒక్కరికే కట్టండి. ఎందుకో లెక్క చెబుతాను. మీటరు వ్యాసం, రెండు మీటర్ల పొడవు ఉన్న గొట్టం, రెండు చివర్లా డిష్డ్ ఎండ్స్ (గిన్నెలా ఉబ్బిన మూతలు), పైన తల పెట్టుకునే చిన్న టవర్. ఇది ఒక మనిషికి సౌకర్యంగా సరిపోతుంది. దాని ఘనపరిమాణం దాదాపు 1.95 ఘనపు మీటర్లు. అంటే మునగాలంటే మొత్తం బరువు 1,950 కిలోలు ఉండాలి. 6 మి.మీ. ప్లేటుతో కడితే ఫ్రేములు, హ్యాచ్ (ఎక్కి దిగే మూత) అన్నీ కలిపినా ఇనుము 600 కిలోలు దాటదు. బ్యాటరీలు, మనిషి, సిలిండర్లు, మోటార్లు కలిపి ఇంకో 500 వేసుకోండి. మిగిలిన 800 కిలోల పైచిలుకు సీసమో ఇనుమో కొని అడుగున కట్టాలి. ఇద్దరికి కడితే ఈ సీసం ఖర్చు, క్రేన్ ఖర్చు, ట్రెయిలర్ ఖర్చు అన్నీ పెరుగుతాయి. ట్రెయిలర్ మీద పెట్టి మామూలు బండితో లాగగలిగితేనే పది సార్లు టెస్టు చేస్తారు. ప్రతిసారీ పెద్ద క్రేన్ పిలవాల్సి వస్తే రెండోసారికే మనసు ఒప్పుకోదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఎలాగూ బరువు కావాలి కాబట్టి మందమైన ప్లేటు వాడితే నష్టమేమీ లేదు. విమానం కట్టేవాడికి ప్రతి గ్రామూ శత్రువు. మనకి కాదు. 6 మి.మీ. బదులు 8 మి.మీ. వేస్తే వంద కిలోల పైన ఇనుము పెరుగుతుంది, ఆ మేరకు సీసం తగ్గుతుంది. బయటి ఒత్తిడికి నలగకుండా నిలబడే శక్తి మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. ఇంతకంటే చౌకగా దొరికే సేఫ్టీ ఈ పనిలో ఇంకోటి లేదు.

అసలు ఏ రకం పడవ అన్నది తేల్చుకుందాం. ఒక రకంలో లోపల నీళ్లే ఉంటాయి, మీరు స్కూబా కట్టుకుని కూర్చుంటారు. అమెరికాలో 1989 నుంచి విద్యార్థులు పోటీ పడుతున్న తొక్కుడు సబ్‌మెరైన్లు ఇవే. రెండో రకంలో తల భాగంలో గాలి ఉంటుంది కానీ అడుగు తెరిచి ఉంటుంది, లోపలి గాలి ఒత్తిడి బయటి నీటి ఒత్తిడితో సమానంగా ఉంటుంది. మూడోది మీరు అడిగింది: లోపల ఎప్పుడూ మామూలు గాలి ఒత్తిడే, బయటి బరువంతా లోహమే మోస్తుంది.

రెండో రకం చూడటానికి సులువు. ఫైబర్‌తోనో పలుచటి రేకుతోనో కట్టొచ్చు, నలిగిపోతుందన్న భయం లేదు. అందుకే కొత్తవాళ్లు దానివైపు మొగ్గుతారు. నా సలహా, డైవింగ్ శిక్షణ లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. కారణాలు రెండు. ఒకటి మీ ఊపిరితిత్తులు. 10 మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తి చిరుగుతుంది. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు. రెండోది పడవ నడత. కొంచెం కిందికి జారితే లోపలి గాలి నొక్కుకుపోతుంది, తేలే శక్తి తగ్గుతుంది, ఇంకా జారుతుంది, ఇంకా నొక్కుకుపోతుంది. పైకి వచ్చేటప్పుడు దీనికి వ్యతిరేకం, గాలి ఉబ్బే కొద్దీ వేగం పెరుగుతుంది. అలాంటి పడవని ఒక లోతులో నిలబెట్టాలంటే చేయి ఎప్పుడూ వాల్వు మీదే ఉండాలి. మూడో రకం కట్టడం కష్టం, నడపడం సులువు. కట్టేటప్పుడు కష్టపడటానికి మీ దగ్గర షాపు ఉంది. కాబట్టి మూడో రకమే.

ఇప్పుడు ఆ బుల్లెట్ ట్యాంకు. వద్దు. అది 15, 20 బార్ టెస్టు పాసైంది కదా అంటారు. అది లోపలి నుంచి తోసే ఒత్తిడికి చేసిన టెస్టు. లోపలి ఒత్తిడి గొట్టాన్ని ఇంకా గుండ్రంగా సర్దుతుంది. బయటి ఒత్తిడి గొట్టంలో ఉన్న చిన్న వంకరని వెతికి పట్టుకుని పెద్దది చేస్తుంది. ఈ రెండూ వేరు వేరు పరీక్షలు. ఒకసారి ఒక పాల డెయిరీలో ట్యాంకరు చూడటానికి పిలిస్తే వెళ్లాను. కడగడానికి లోపల ఆవిరి పట్టి, వేడి మీదుండగానే మూతలన్నీ బిగించేశారు. చల్లబడి ఆవిరి నీరయ్యేసరికి లోపల వాక్యూమ్ వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు కాలితో తొక్కిన డబ్బాలా నడుం దగ్గర లోపలికి మడతపడిపోయి ఉంది. ఒక్క వెల్డు చిట్లలేదు, ఎక్కడా పగులు లేదు. పూర్తి వాక్యూమ్ వచ్చినా అక్కడ పనిచేసిన ఒత్తిడి ఒక బార్ దాటదు. నీళ్లలో అది 10 మీటర్ల లోతు. మీరు దానికి మూడింతలు అడుగుతున్నారు. పైగా పాత ట్యాంకు లోపల తుప్పు ఎక్కడ ఎంత తిందో, ప్లేటు ఏ గ్రేడో మీకు తెలియదు.

కొత్త ప్లేటు తీసుకోండి, మిల్లు టెస్టు సర్టిఫికెట్‌తో. ఐఎస్ 2002 బాయిలర్ క్వాలిటీ ప్లేటు గానీ, ఏ 516 గ్రేడ్ 70 గానీ అడగండి. కార్బన్ ఫైబర్, ఫైబర్ గ్లాసు మాటే ఎత్తవద్దు. 2023 జూన్‌లో టైటానిక్ శిథిలాల దగ్గర ఐదుగురితో నలిగిపోయిన టైటాన్ అనే సబ్‌మెరైన్ గొట్టం కార్బన్ ఫైబర్‌దే, ఏ క్లాసిఫికేషన్ సంస్థ (ఓడల్ని, సబ్‌మెరైన్లని పరీక్షించే సంస్థ) సర్టిఫికెట్టూ దానికి లేదు. 2019లో బహామాస్‌లో అందులో దిగిన కార్ల్ స్టాన్లీ లోపల పగుళ్ల చప్పుడు విన్నానని దాన్ని కట్టిన ఓషన్‌గేట్ కంపెనీ వాళ్లకి చెప్పారు కూడా. ఆయన పదిహేనేళ్ల వయసులో తన మొదటి సబ్‌మెరైన్ మొదలుపెట్టిన మనిషి, హోండురాస్‌లోని రోఅటాన్ దీవిలో సొంత సబ్‌మెరైన్ నడుపుతున్నారు. అలాంటి చెవి విన్న చప్పుడు అది. ఉక్కు గుణం వేరు. దాన్ని కొలవొచ్చు, అల్ట్రాసోనిక్ పెట్టి చూడొచ్చు, అతి చేస్తే ముందు సొట్ట కనిపిస్తుంది, లెక్కలు వందేళ్లుగా తెలిసినవి.

గొట్టమా, గోళమా అన్న సందేహం రావచ్చు. చెన్నైలో ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్ల లోతు సముద్రపు సబ్‌మెరైన్ మత్స్య 6000కి మనుషులు కూర్చునేది 2.1 మీటర్ల టైటానియం గోళం. అది 6,000 మీటర్ల లోతుకి. మీ 30 మీటర్లకి గోళం అనవసరం, షాపులో రోల్ చేసుకునే గొట్టమే మేలు. ఇళ్లలో సబ్‌మెరైన్లు కట్టేవాళ్లకి దారి చూపిన అమెరికా నేవీ మాజీ అధికారి జార్జ్ కిట్రెడ్జ్ డిజైన్లు కూడా ఉక్కు గొట్టాలే. ఆయన కె-250 ఒక్కరికి, 250 అడుగులకి, అంటే 76 మీటర్లకి. కె-350 ఇద్దరికి, 350 అడుగులకి. నేను పనిచేసిన పడవ ఆ కె-250 దారిలో కట్టిందే.

గొట్టం బలం ప్లేటు మందంలో కంటే లోపలి రింగుల్లో ఎక్కువ ఉంటుంది. మీటరు వ్యాసం, 6 మి.మీ. ప్లేటు, రెండు మీటర్ల పొడవున రింగులేమీ లేకపోతే లెక్క ప్రకారం దాదాపు 7 బార్ దగ్గర నలుగుతుంది. అదే గొట్టంలో ప్రతి అర మీటరుకీ ఒక గట్టి రింగు పెడితే ఆ సంఖ్య 30 బార్ దాటుతుంది. రింగుల మధ్య దూరం సగం చేసిన ప్రతిసారీ బలం దాదాపు రెట్టింపవుతుందని గుర్తుపెట్టుకోండి. 7 బార్ అంటే 70 మీటర్లు, నాకు 30 చాలు కదా అనుకోవద్దు. ఆ లెక్క అచ్చంగా గుండ్రంగా ఉన్న గొట్టానిది. మీ గొట్టం అలా ఉండదు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి షాపులు కూడా పొరబడేది ఇక్కడే. ప్లేటు రోల్ చేసినప్పుడు రెండు అంచులూ ఓ నాలుగంగుళాల మేర సరిగా వంగవు. నిలువు సీము (ఆ అంచులు కలిపే వెల్డు) వేశాక ఆ చోట గొట్టం కొంచెం చప్పిడిగా, లేదా ముక్కులా మొనదేలి ఉంటుంది. కంటికి కనిపించదు. ప్లైవుడ్ చెక్కలో మీ గొట్టం లోపలి వంపుకి సరిపోయే చాపం కోయించండి, అర మీటరు పొడవు. దాన్ని సీము మీద పెట్టి వెనక టార్చి వేయండి. వెలుతురు ఎక్కడ కారుతుందో అక్కడ ఫీలర్ గేజి దూర్చి కొలవండి. తర్వాత ప్రతి రింగు దగ్గరా ఎనిమిది దిక్కుల్లో వ్యాసం కొలిచి, గొట్టం మీదే చాక్‌పీసుతో రాయండి. ఎక్కువకీ తక్కువకీ తేడా బాయిలర్ కోడ్ ఒక శాతం దాకా ఒప్పుకుంటుంది. మనిషి కూర్చునే గొట్టానికి నేను అర శాతం, అంటే మీటరుకి 5 మి.మీ. లోపే ఒప్పుకుంటాను. దాటితే అంచులు ముందే ప్రెస్‌లో వంచి, మళ్లీ రోల్ చేయించండి. సుత్తితో కొట్టి సర్దవద్దు. రింగులు ఒకేసారి చుట్టూ వెల్డు చేస్తే లాగేస్తాయి. ఎదురెదురుగా కొంచెం కొంచెం వేసుకుంటూ వెళ్లి, చివరికి పూర్తి చేయించండి. సీములన్నీ రేడియోగ్రఫీకి (ఎక్స్‌రే పరీక్షకి) పంపండి. ఇందులో బేరం లేదు.

చివర్లకి చదును ప్లేటు పెట్టేద్దామని అనిపిస్తుంది, కోయడం సులువు కదా అని. మీటరు వ్యాసం చదును ప్లేటు మీద 30 మీటర్ల లోతులో పడే బరువు 23 టన్నుల పైన. దానికి 20 మి.మీ. పైన మందం కావాలి, అప్పుడు కూడా గొట్టంతో కలిసే మూల దగ్గర ఒత్తిడంతా పేరుకుంటుంది. ప్రెస్ చేసిన డిష్డ్ ఎండ్స్ కొనండి.

హ్యాచ్ బయటికి తెరుచుకోవాలి, నీళ్లే దాన్ని సీటు మీద నొక్కిపట్టాలి. ఓ-రింగు (చుట్టూ ఉండే రబ్బరు రింగు) మొదట్లో నీరు ఆపితే చాలు, లోతు పెరిగే కొద్దీ అదే బిగుసుకుంటుంది. అయితే దీని ఇంకో ముఖం కూడా చూడండి. 55 సెం.మీ. హ్యాచ్ మీద ఒక్క మీటరు నీళ్లున్నా దాదాపు 240 కిలోల బరువుంటుంది. 30 మీటర్లలో 7 టన్నులు. లోపలి నుంచి ఏ మనిషీ తోయలేడు. లోపలికి నీళ్లు వదిలి ఒత్తిడి సమం అయ్యాక మాత్రమే తెరుచుకుంటుంది, దానికి పడవలో నాలుగింట మూడొంతులు నీళ్లు నిండాలి. అంత చీకట్లో, అంత చలిలో అది ఎవరూ ప్లాను చేసుకోవలసిన మార్గం కాదు. అందుకే తప్పించుకునే దారి హ్యాచ్ అని అనుకోవద్దు. పడవ మొత్తం పైకి రావడమే తప్పించుకోవడం.

అది ఎలా వస్తుందంటే, అడుగున విడిచిపెట్టే బరువు ఉండాలి. నూట యాభై కిలోల సీసం దిమ్మ, లోపలి నుంచి చేత్తో తిప్పితే ఊడిపోయేది. కరెంటు మీద గానీ గాలి మీద గానీ ఆధారపడకూడదు. ఎంత బరువు అన్నదానికి నా కొలత ఇది: బయట ఉన్న వాటిలో అన్నింటికంటే పెద్దది, బ్యాటరీ డబ్బా అనుకోండి, నీళ్లతో నిండిపోయినా సరే, దిమ్మ విడిస్తే పడవ గట్టిగా పైకి లేవాలి. నీళ్లలో సీసం తన బరువులో పదకొండో వంతు పోగొట్టుకుంటుందని లెక్కలో మరవద్దు. ఆ షాఫ్టు తుప్పు పట్టి బిగుసుకుపోకుండా ప్రతి ట్రిప్పుకి ముందు ఒడ్డున ఒకసారి నిజంగా విడిచి చూడండి. పడవ పక్కకి వాలి ఉన్నా విడాలి, ముప్పై డిగ్రీలు వాల్చి కూడా చూడండి.

మామూలుగా మునగడానికి, తేలడానికి రెండు రకాల ట్యాంకులు. పెద్దవి బయట పక్కల్లో, అడుగున తెరిచి ఉండేవి. పైన వాల్వు తెరిస్తే గాలి పోయి నీళ్లు నిండుతాయి, గాలి కొడితే నీళ్లు అడుగు నుంచి పోతాయి. లోపలా బయటా ఒత్తిడి ఒకటే కాబట్టి ఇవి పలుచటి రేకుతో చేయొచ్చు. 200 లీటర్ల ట్యాంకులని 30 మీటర్లలో ఖాళీ చేయాలంటే 800 లీటర్ల గాలి కావాలి. 12 లీటర్ల డైవింగ్ సిలిండరు 200 బార్ దగ్గర 2,400 లీటర్లు ఇస్తుంది. అంటే మూడుసార్లు. రెండు సిలిండర్లు వేరు వేరు పైపులతో పెట్టండి. రెండో రకం ట్యాంకు చిన్నది, 20 లీటర్లలోపు, పడవ బరువుని కొద్దికొద్దిగా సర్దుకోవడానికి. దీనికి మాత్రం గొట్టానికున్నంత బలం ఉండాలి. చెరువులో సర్దుకున్న పడవ సముద్రంలో సర్దుకోదు, ఉప్పునీళ్లు రెండున్నర శాతం బరువెక్కువ కాబట్టి మీ పడవకి దాదాపు 50 కిలోల తేడా వస్తుంది.

అద్దం గురించి ఎక్కువ చెప్పను. గాజు కాదు, కాస్ట్ అక్రిలిక్. మనుషులుండే ప్రెషర్ వెసెల్స్‌కి అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్ఎంఈ) పెట్టిన పీవీహెచ్ఓ-1 అనే స్టాండర్డు ఉంది, అద్దం మందాలు అందులోంచే తీసుకోండి, సొంత లెక్క వద్దు. కిటికీ 20 సెం.మీ. మించనివ్వకండి, దాని మీదే 30 మీటర్లలో 900 కిలోలకు పైగా పడుతుంది. మెషినింగ్ తర్వాత అనీలింగ్ (వేడి చేసి మెల్లగా చల్లార్చడం) తప్పనిసరి. స్పిరిట్, థిన్నర్, అసిటోన్ తగలనివ్వొద్దు, సన్నటి జుట్టులాంటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు చాలు.

గొట్టానికి పెట్టే ప్రతి బెజ్జమూ ఒక అప్పు. ఎన్ని తగ్గిస్తే అంత మంచిది. మేం చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. మనిషి లేకుండా పడవని ఒక పాత క్వారీ చెరువులో 20 మీటర్లకి తాడు మీద దింపాం. గంట ఉంచి పైకి తీసి, హ్యాచ్ తెరిచి టార్చి వేస్తే స్విచ్ బోర్డు కింద గ్లాసెడు నీళ్లు. వైర్లు గొట్టం దాటే చోట బిగించే కేబుల్ గ్లాండ్లన్నీ తడిమాను, అన్నీ పొడిగా ఉన్నాయి. ఎపాక్సీ గట్టిగా ఉంది. చివరికి కనిపించింది: మోటారు వైరు చివర, టెర్మినల్లో బిగించిన రాగి పోగుల మధ్య నుంచి ఒక్కొక్క చుక్కా ఊరుతోంది. నీళ్లు గ్లాండు పక్కనుంచి రాలేదు. బయట మోటారు దగ్గర వైరు లోపలికి దూరి, పీవీసీ తొడుగు కింద రాగి పోగుల సందుల్లోంచి రెండు మీటర్లు నడిచి, గ్లాండు మధ్యలోంచే లోపలికి వచ్చాయి. అప్పటి నుంచి గొట్టం దాటే చోట పోగుల వైరు పెట్టలేదు. మందమైన రాగి కడ్డీ ముక్క పెట్టి, రెండు వైపులా వైరు టంకం వేసి, చుట్టూ ఎపాక్సీ పోశాం. మళ్లీ చుక్క రాలేదు. విశాఖ ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన నేవీ సబ్‌మెరైన్ ఐఎన్ఎస్ కురుసుర ఎక్కి చూసే ఉంటారు. అందులో ఏడు గదులు, ఒకదాంట్లో నీళ్లొస్తే తలుపు బిగించుకుని పక్క గదిలోకి పోవచ్చు. మీ పడవలో ఒకటే గది. ఆ చుక్కని చూసి నేను అంత కంగారు పడింది అందుకే.

ఇక గాలి. ఆక్సిజన్ అయిపోతుందని అందరూ భయపడతారు. అంతకంటే ముందు దెబ్బ తీసేది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్. సామాన్లు, మీరు పోను ఆ పడవలో 1,400 లీటర్ల గాలి ఉంటుంది. ఒక మనిషి గంటకి సుమారు 25 లీటర్ల ఆక్సిజన్ వాడి 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. రెండు గంటలకి అది 3 శాతానికి చేరుకుంటుంది. ఆయాసం, తలనొప్పి మొదలవుతాయి, బుర్ర సరిగా పనిచేయదు. అప్పటికి ఆక్సిజన్ ఇంకా 17 శాతం ఉంటుంది, అంటే అది సమస్యే కాదు. ఇద్దరైతే ఇదంతా గంటలోనే. కాబట్టి స్క్రబ్బరు, అంటే ఆ కార్బన్ డయాక్సైడ్‌ని (సీఓటూ) పీల్చేసే పరికరం కావాలి. ఆపరేషన్ థియేటర్లో మత్తు మెషిన్లకి వాడే సోడా లైమ్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. ఒక డబ్బాలో పోసి, చిన్న కంప్యూటర్ ఫ్యాన్‌తో గాలి దాంట్లోంచి పోయేలా చేస్తే చాలు. అది అరిగే కొద్దీ తెలుపు నుంచి ఊదా రంగుకి మారుతుంది. కాసేపు ఆపి పెడితే రంగు మళ్లీ తెల్లబడుతుంది, శక్తి మాత్రం తిరిగి రాదు. అందుకని రంగుని నమ్మకండి, గంటలు రాసుకోండి, సీఓటూ మీటరు ఒకటి కళ్ల ముందు పెట్టుకోండి.

క్లాసిఫికేషన్ సంస్థలు ట్రిప్పు సమయం కాక ఇంకో 72 గంటలకి గాలి అడుగుతాయి. చిన్న పడవకి అంత ఎందుకు అనిపిస్తుంది. ఎవరైనా మీ కోసం వెతకడానికి పట్టే సమయం అది. దానికి ఒక మనిషికి 15 కిలోల సోడా లైమ్, 1,800 లీటర్ల ఆక్సిజన్. ఆస్పత్రుల బి-టైపు సిలిండరు ఒకటి 1,500 లీటర్లు ఇస్తుంది, అంటే రెండు పెట్టుకోవాలి. ఎంత వదలాలో తెలుసుకోవడానికి చక్కటి ఉపాయం ఉంది. లోపల ఒక బారోమీటరు తగిలించండి. సోడా లైమ్ కార్బన్ డయాక్సైడ్‌ని మింగేస్తుంది కాబట్టి, మీరు పీల్చిన ఆక్సిజన్ మేరకు లోపలి ఒత్తిడి మెల్లగా తగ్గుతుంది. ముల్లు మొదటి చోటికి వచ్చేదాకా ఆక్సిజన్ వదలండి, ఆపేయండి. దీనికి తోడు ఆక్సిజన్ మీటరు కూడా ఉండాలి, 23 శాతం దాటితే చిన్న నిప్పురవ్వ కూడా మంటవుతుంది. ఆ వాల్వుల దగ్గర గ్రీజు, నూనె ఏదీ తగలకూడదు.

బ్యాటరీలు మనిషి ఉన్న గదిలో పెట్టకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, 4 శాతం చేరితే నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది. దాని మీద ఉప్పునీళ్లు పడితే క్లోరిన్ వస్తుంది. బయట పక్కన రెండు గట్టి డబ్బాల్లో పెట్టండి, అడుగున బరువుగానూ పనికొస్తాయి. మోటారుకి పడవల ట్రోలింగ్ మోటార్లు రెండు చాలు. లోపల తేలికపాటి నూనె నింపి, బయటి ఒత్తిడితో సమంగా ఉండేలా ఒక మెత్తటి రబ్బరు సంచి కలిపితే సీలు దాటి నీళ్లు రావు. గంటకి మూడు, నాలుగు కిలోమీటర్ల వేగం వస్తే సంతోషించండి. మోటారు గురించి ఇంతకు మించి ఆలోచించాల్సిన పని లేదు, అది ఆగిపోయినా మీకు ఏమీ కాకూడదు.

ఎక్కడ దిగాలన్నది కూడా డిజైన్‌లో భాగమే. పడవకి టెస్టు చేసిన లోతు కంటే అడుగు నేల పైనే ఉన్న చోట మాత్రమే దిగండి. 30 మీటర్లకి కట్టి, మనిషి లేకుండా 40 మీటర్లకి తాడు మీద దింపి చూసి, 15 మీటర్ల లోతున్న చెరువులో నడపండి. అప్పుడు ఏం జరిగినా నలగడం అనేది ఉండదు. గోదావరి వద్దు. ఆ ఒండ్రు నీళ్లలో అద్దం బయట చేయి కూడా కనిపించదు, ప్రవాహం ఎటు తోస్తుందో తెలియదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటుని ధర్మాడి సత్యం గారి బృందం బయటికి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. లంగర్లకీ తాళ్లకీ పట్టు దొరక్క వాళ్లు ఎంత అవస్థ పడ్డారో మన జిల్లాల వాళ్లందరం టీవీల్లో చూశాం. అందుకే మీ పడవ పైన రెండు లిఫ్టింగ్ కళ్లు (క్రేన్ కొక్కెం తగిలించే రింగులు), నీళ్లు నిండిన బరువుని కూడా మోసేలా, మొదటి రోజే డ్రాయింగులో వేయండి. ఎప్పుడు దిగినా పైన తేలే బంతి ఒకటి సన్నటి తాడుతో కట్టి ఉండాలి, ఒడ్డున డైవర్ ఉండాలి. నీళ్లు ఎవరివో వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. విశాఖ వైపు సముద్రంలో అయితే నేవీ, కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులకి తెలియకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక బరువుల పట్టిక. ప్రతి వస్తువూ, దాని బరువు, అది తీసుకునే చోటు, అడుగు నుంచి దాని ఎత్తు, నాలుగు గడులు. హ్యాచ్ బోల్టు దగ్గర్నుంచి మీ చెప్పుల దాకా అన్నీ రాయండి. దాన్ని నింపేసరికి మీ పడవ తేలుతుందో, మునుగుతుందో, పక్కకి దొర్లుతుందో కాగితం మీదే తెలుస్తుంది. దాంతోపాటు మీ రోలింగ్ మెషిన్ ఎంత మందం, ఎంత వెడల్పు తీసుకుంటుందో, అంచులు వంచే ప్రెస్ ఉందో లేదో రాయండి. అది చూసి రింగు సైజు, వాటి మధ్య దూరం లెక్క కట్టి ఇస్తాను. తర్వాత దాన్ని లైసెన్సున్న ప్రెషర్ వెసెల్ ఇంజనీరు ఒకరి చేత మళ్లీ చూపించుకుని, అప్పుడు ప్లేటుకి ఆర్డరు పెట్టండి.